గోరు పట్టేంత అంచు

డిసెంబరు 19, శుక్రవారం

వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఇది మూడో ఏడు.

రుద్రవరం దారిలో, మా రేకుల షెడ్డు వెనకున్న రాతిగుండు ఎక్కడానికి ముగ్గురు మనుషులు మూడు ఊళ్ళ నుంచి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఎత్తు నలభై అడుగులు. వెనక నుంచి పోతే మేకలు కూడా ఎక్కుతాయి. ఆ సంగతి మొదటి ఏడే చెప్పాను. తెలుసులే తాతా, ముందు నుంచి ఎక్కాల మేము, అన్నాడు శ్యాంసుందర్. కర్నూల్లో రైల్వే ఉద్యోగం, యాభై దాటాయి. నన్ను తాతా అనడం ఏం న్యాయమో.

వందనది అనంతపురం. ఫెబాది నంద్యాల, ఉద్యోగం బెంగళూరులో ఏదో ల్యాబులో. సెలవులన్నీ బండలకే. బాదామి, హంపి, ఆడి నుంచి ఈడికి. ముగ్గురికీ ఒకే గిన్నె.

డిసెంబరు 20

ఫెబా పడింది. ప్రతి ఏడూ చూస్తున్నా నా గుండె అలవాటు పడదు. కేకేశాను. చూస్తే తాడుకు వేలాడుతూ నవ్వుతోంది. ఆమె నడుం నుంచి తాడు పైకి పోయి, కొన మీది చెట్టుకు కట్టిన ఇనుప రింగులో దూరి, కింద శ్యాంసుందర్ నడుం దగ్గరికి వస్తుంది. ఆయన పట్టుకున్నంతసేపు ఆమెకేం కాదు.

ఇరవై అడుగుల ఎత్తులో ఒక అంచు ఉంది. గోరు పట్టేంత. దాన్ని పట్టుకుని పై పగులు అందుకోవాలి. మూడేళ్ళుగా పడేది అక్కడే. ఇంతవరకు ఎవరూ దాటలేదు. తాడు మీద బరువు వేయకుండా మొదట ఎవరు ఎక్కితే వాళ్ళే ఆ దారికి పేరు పెట్టాలంట. పేరేమిటని అడిగితే, ఎక్కినాక చెప్తా, అంది ఫెబా.

ఇవాళ పందొమ్మిదిసార్లు పడింది.

డిసెంబరు 22

ఫెబా వేళ్ళ తోలు లేచిపోయింది. మా ఇంటావిడ మైమూనా కొబ్బరినూనె తీసుకుపోతే వద్దంది. నూనె పెడితే తోలు మెత్తబడుతుందంట. ఆపైన వందన ఉప్పుకాగితం తెచ్చి ఆ వేళ్ళను తలుపు చెక్కను రుద్దినట్టు రుద్దింది. నేను కళ్ళు మూసుకున్నాను. యాభై ఏళ్ళు రోళ్ళు కొట్టిన చేతులయ్యా మీవి, ఆ పిల్ల చేతులకంటే నయం, అంది మైమూనా.

రోళ్ళే కాదు, సమాధి రాళ్ళు కూడా కొట్టాను. నాకు నాలుగక్షరాలు వచ్చింది వాటివల్లే. బడి ముఖం చూడలేదు, చనిపోయినవాళ్ళే నేర్పారు. అబ్రహాము రాతి మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ తారుమారు చేశాను. ఆయన భార్య సువార్తమ్మ చూసి, పోనీలే సాయిబూ, మా ఆయన యాడికైనా ముందు పోయి తర్వాత బయల్దేరే రకమే, అంది. ఆ రాయి ఇప్పటికీ అట్లాగే ఉంది.

చెప్పదలిచింది అది కాదు. ఆ వేళ్ళు చూశాక అన్నం సయించలేదు.

డిసెంబరు 24

ముగ్గురూ పండక్కి నంద్యాలలో ఫెబా వాళ్ళింటికి పోయారు. నేను ఆళ్ళగడ్డ పోయి సంజీవయ్య కొలిమిలో ఉలి సాగదీయించి పదును పెట్టించాను. ఇంగా యాడ కొడ్తావు సాయిబూ, మోకాళ్ళు సూస్కో, అన్నాడు. ఒక చిన్న పని ఉందన్నాను.

డిసెంబరు 25

పని అయింది.

మైమూనా తమ్ముడి కొడుకు ఇంతియాజ్‌కు టెంట్‌హౌసు ఉంది. వాడి పొడుగు నిచ్చెన తెప్పించాను. మామా, పడితే మా అత్త నన్ను బతకనియ్యదు, అని గొణుగుతూనే పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఆ అంచు ఉన్నచోట నాలుగు వేళ్ళూ నిండుగా దూరేటట్టు గుంట కొట్టాను. వేళ్ళు తెగకుండా అంచులు గుండ్రం చేశాను. వాన నీళ్ళు నిలవకుండా కొంచెం వాలు కూడా ఇచ్చాను. నా చేతి పనుల్లో ఇంత ముద్దుగా వచ్చింది ఇంకోటి లేదు.

పండగ పూట ఆ పిల్లకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా.

డిసెంబరు 26

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

వాకిట్లో కుర్చీ వేసుకుని, ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఫెబా ఎక్కింది. ఆ చోటికి పోయింది. ఆగింది. చేయి పెట్టలేదు. దింపన్నా, అంది, అంతే. దిగి, గుండుకు ఎదురుగా నేల మీద కూలబడింది. శ్యాంసుందర్ పోయి చూసొచ్చాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు, సమాధి దగ్గర టోపీ తీసినట్టు. వందన ఏడ్చింది. పొయ్యి వెలిగించినవాళ్ళు లేరు.

ఏందమ్మా అయింది అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినపడింది. ఎవరో రాయి కొట్టినారు తాతా అంది వందన. పట్టుకోడానికి బాగుంటుంది కదా అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు! దీని బదులు ఫెబా చెయ్యి ఇరగ్గొట్టింటే బాగుండు, చెయ్యి అతుక్కుంటాది, అంది.

రాయి ఎట్లుందో అట్లనే ఎక్కాలంట. మనమే దానికి తగ్గట్టు కావాలంట, దాన్ని మనకు తగ్గట్టు చేయకూడదంట. యాభై ఏళ్ళు రాతిని నాకు తగ్గట్టు చేసి బతికినవాణ్ణి నేను.

డిసెంబరు 27

చెప్పలేదు.

డిసెంబరు 28, ఆదివారం

వందన ఆ గుంట ఫోటో వాళ్ళ గ్రూపులో పెట్టి, ఎవరు చేశారని అడిగింది. దేశంలో బండలెక్కేవాళ్ళు ఆరువందల మంది ఉన్నారంట అందులో. మధ్యాహ్నానికి ఒకడు రాశాడు: మూడేళ్ళుగా చేతకానిది ఎవరికి? ఇంకొకడు రాశాడు: ఇట్లాంటి మనిషితో ఇక తాడు కట్టుకునేది లేదు. ఫెబా అవన్నీ పైకి చదివింది, గొంతు మార్చకుండా, ల్యాబు రిపోర్టు చదివినట్టు. ఫోను సంచిలో పడేసింది. శ్యాంసుందర్ మాత్రం ఎవరితోనో ఫోన్లో, ఏయ్, ఆ పిల్ల నా కండ్ల ముందర ఉండింది, నంద్యాలలో నాకు కూర వడ్డిస్తాండింది, అని అరుస్తున్నాడు. అవతలివాడు నమ్మినట్టు లేదు.

నేను లేచి వాళ్ళ గుడారం దగ్గరికి పోయాను. పది అడుగులు ఉంటుంది. అంత దూరం ఎప్పుడూ నడవలేదు.

నేనే కొట్టినా అన్నాను. జోకులొద్దు తాతా, టైం కాదు, అన్నాడు శ్యాంసుందర్. ఉలి తెచ్చి చూపించాను. నాది ఎడమచేతి వాటం. నా దెబ్బల వాలు వేరుగా పడుతుంది. షెడ్డులో సగం కొట్టిన రోలు పక్కన ఆ ఫోటో పెట్టి చూడమన్నాను. వందన చూసింది. వీడియో తీయమన్నాను, పేరు, ఊరు చెప్పి మళ్ళీ ఒప్పుకున్నాను.

ఎందుకు తాతా, అంది ఫెబా.

నీ యేళ్ళు సూడలేక.

నేను అడిగినానా?

లేదు.

నేను పడ్తాండేది ఆ అంచు కోసమే కదా తాతా, అంది. లేచి వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నిద్ర పట్టేది.

డిసెంబరు 29

గ్రూపులో నన్ను తిట్టినవాళ్ళు రెండువందల మంది. ఫెబాను అన్నవాళ్ళలో ముగ్గురు క్షమాపణ రాశారంట, మిగతావాళ్ళు గమ్మున ఉన్నారు. పోనీలే.

పూడ్చగలవా అని శ్యాంసుందర్ అడిగాడు. రాతిపొడి, జిగురు కలిపి పూడిస్తే గుంట కనపడదు. అది నాకు నిమిషాల పని. కానీ ఆ అంచు? గాలీ వానా కూర్చుని చేసిన పని అది. నా వల్ల కాదప్పా అన్నాను. ఒక రాయి గురించి ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు.

వందన సెలవు అయిపోయింది. ఆళ్ళగడ్డలో బస్సు ఎక్కించడానికి నేనూ పోయాను. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయట పెట్టి, తాతా, ఆ ఉలి ఇంట్లోనే పెట్టు, అంది.

తిరిగి వచ్చేసరికి ఫెబా గుండు ముందర నిలబడి ఉంది. గుంట ఉన్న వైపు కాదు. ఎడమకు నాలుగు బారల దూరంలో, నున్నగా, నాకైతే ఏమీ కనపడని చోట. అక్కడ చెంప ఆనించి పైకి చూస్తోంది.

డిసెంబరు 30

శ్యాంసుందర్ భుజం పట్టేసింది. తాడు ఎవరు పట్టాలన్నది ప్రశ్న. తాత పట్టుకుంటాడు, అంది ఫెబా.

 నాకంటే ముందు మైమూనా అందుకుంది: ఏందమ్మా, ఈయప్ప సంగతి తెలిసీ!

నేనా, అన్నాను. ఊరికే కూచోనిస్తే మళ్ళీ ఏమన్నా చేస్తావు, అందుకే పని పెడ్తాండా, అంది. నవ్వలేదు. నా నడుముకు తాడు తగిలించే పటకా తనే బిగించింది, నా పాయిజామా మీదనే. తాడు ఇచ్చింది. ఆకాశం ఊడిపడినా కింది చేయి మాత్రం తాడు వదలకూడదు, పడేవాళ్ళను ఆపేది ఆ చేయే, అది ఒక్కటే రూలు అంది. రోజంతా అదే నేర్పారు. నా వెనక తాడు కొస శ్యాంసుందర్ బాగున్న చేత్తో పట్టుకుంటాడు.

డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇంతవరకు నా చేతికి ఎవరూ ఒక మనిషిని అప్పగించలేదు.

డిసెంబరు 31, ఉదయం 7.10

ఎడమవైపు కొత్త దారిలో ఫెబా జారింది. ఆమె యాభై ఆరు కిలోలు, నేను నలభై ఎనిమిది. ఆమె కిందికి వచ్చింది, నేను మూరెడు పైకి లేచాను. కాళ్ళు గాల్లో. ఇద్దరం వేలాడుతూ ఒకరినొకరు చూసుకున్నాం.

కింది చేయి వదల్లేదు.