వెనక్కి వచ్చే చప్పుడు

జూన్ 4

ఆరో నంబరు ఫోర్క్‌లిఫ్ట్‌ని ఇవాళ ఓడలోంచి క్రేన్‌తో పైకి తీసి మా షెడ్డుకి పంపారు. బండి మొత్తం విప్పి చూసి, లోపం ఎక్కడుందో చెప్పాలట. చెప్పాల్సింది నేనట. ఇంకో మెకానిక్ దొరకలేదా అని సూపర్‌వైజర్ని అడిగాను. ఉన్నది నువ్వే కదమ్మా అన్నాడు, నా మొహం చూడకుండా.

బావని చంపిన బండి అది.

ముందు భాగమంతా దుమ్ము. వెనక భాగం మాత్రం ఎవరో శుభ్రంగా కడిగారు. ఇవాళ దాన్ని ముట్టుకోలేదు. టార్పాలిన్ కప్పి వచ్చేశాను.

జూన్ 4, సాయంత్రం

అక్క కేకలేస్తే బావ వంటింట్లోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ, నోటితో పీం పీం పీం అంటూ బయటికి వచ్చేవాడు. ఓడలో బండి రివర్స్ చేసినప్పుడు మోగే బ్యాక్ అలారం అది. సిగ్నల్‌మ్యాన్‌ని కదా, ఇంట్లో కూడా రూల్ తప్పను అనేవాడు. గుమ్మంలో నేను అడ్డంగా ఉంటే, మరదలా జరుగు, తొక్కేస్తాను అని బెదిరించేవాడు. అక్కకి కోపం ఎంతున్నా ఆ చప్పుడుకి నవ్వొచ్చేసేది.

ఇవాళ వంటింటి గుమ్మంలో నిలబడి నీళ్లు తాగుతూ ఉన్నట్టుండి పక్కకి జరిగాను. ఎవరూ రాలేదు.

జూన్ 5

అందరూ అంటున్నది ఇది. ఓడ అడుగున సరుకు నింపే హోల్డ్‌లో కాగితం రోల్స్ పేరుస్తున్నారు. బండి నడిపేది నిదానం బాబాయ్. బావ వెనక నిలబడి సిగ్నల్ ఇవ్వాలి. ఒక రోల్ జారబోతే దాన్ని పట్టుకోవడానికి బావ అటు తిరిగాడు. అదే క్షణంలో బండి వెనక్కి వచ్చింది. బావ వెనక ఇనప స్తంభం ఉంది. అలారం మోగలేదు.

నిదానం అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జన్మలో తొందరపడలేదు కనక ఆ పేరు. బావకి పని నేర్పింది ఆయనే, మేం బాబాయ్ అంటాం. అలారం వైరు ఆయనే పీకేశాడని డాక్ అంతా గుప్పుమంది. అక్క కూడా అదే నమ్మింది. శుక్రవారం ఎంక్వయిరీలో ఆయన లైసెన్స్ పీకించేదాకా నిద్రపోనని పళ్లు నూరుతోంది.

వైరు బాగానే ఉంది. బ్యాటరీ బాగుంది. రివర్స్ గేర్ వేసి చూశాను. బండి మూలిగింది. దుప్పటి ముసుగులో ఎవరో మాట్లాడుతున్నట్టుంది. కిందికి దూరి చూస్తే అలారం మూతి నిండా గుడ్డ.

స్క్రూడ్రైవర్‌తో లాగాను. తెల్ల గుడ్డ. అంచున ఆకుపచ్చ దారం, గొలుసు కుట్టు.

ఆ కుట్టు నాకు తెలుసు. దిండు గలీబు ఒకటి కనపడటం లేదని, డాబా మీంచి గాలికి పోయి ఉంటుందని అక్క పోయిన నెలంతా సణిగింది.

గుడ్డ టూల్ బ్యాగ్‌లో పెట్టాను. జిప్పు లాగేశాను.

జూన్ 6

ఆ అలారం నాకు నేనుగా వినాలనిపించింది. వేరే ఓడలో రిపేరు ఉందని వంక పెట్టి హోల్డ్‌లోకి దిగాను. అక్కడి బండి అలారంలో మేజోడు కుక్కి ఉంది. అది తీయించి, రివర్స్ చేయమన్నాను.

దేవుడా. చుట్టూ ఇనప గోడలు. ఆ చప్పుడు వెళ్లి తగిలి తిరిగొస్తుంది, వచ్చిందే మళ్లీ వస్తుంది, ఎటునుంచో తెలియదు. చెవులు చిల్లులు పడిపోయాయి. పళ్లు జివ్వుమన్నాయి. రోజంతా దాని మూతి దగ్గరే నిలబడేది సిగ్నల్‌మ్యాన్. అంతా తెలిసి కూడా నా చెయ్యి జేబులో రుమాలు వెతుక్కుంది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మిగతా బండ్లూ చూశాను. ఒకదాంట్లో గ్లవ్, ఒకదాంట్లో గోనె ముక్క. హోల్డ్‌లోకి దిగగానే పెడతారట. షెడ్డుకి వచ్చేముందు తీసేస్తారట. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్రతి బండీ కోయిలలా కూసింది మరి.

జూన్ 7

నిదానం బాబాయ్ ఇంటికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆ గుడ్డ తీసి చూపించాను. చూసి తల తిప్పుకున్నాడు. ఎవరు పెట్టారు, నీకు తెలుసా అని అడిగాను. గుడ్డని నా వైపే నెట్టాడు. పెట్టింది బావే కదా అన్నాను.

"పోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పుకోలేడమ్మా. నన్నేమన్నా అననీ."

బండి నడిపింది నేనే, వెనక్కి చూడాల్సిందీ నేనే అన్నాడు. రోల్స్ దొంతర అడ్డం వచ్చింది, సిగ్నల్ వచ్చిందనుకున్నాను అన్నాడు. ఆయన మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండింది. ఆయన నోరు మూసుకుంటే మిగతా బండ్ల నోళ్లు కూడా మూసుకునే ఉంటాయి. ఆ మాటే అని వచ్చేశాను.

జూన్ 8

అక్కకి ఇవాళ కూడా చెప్పలేదు. రెండుసార్లు బ్యాగ్ జిప్పు తీశాను. అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది.

జూన్ 9

సాయంత్రం పక్క గోదాములో లారీ రివర్స్ అవుతోంది. పీం పీం పీం. అక్క చేతిలో గ్లాసు కింద పడింది. లేచి గుమ్మం దాకా పరిగెత్తింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనూ లేచాను, నేనూ అటే చూశాను.

రేపే ఎంక్వయిరీ. ఇంక ఆగలేక గుడ్డ తీసి అక్క ముందు పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. నన్ను కొడుతుందనుకున్నాను, బావ మీద నింద వేస్తావా అని నిప్పులు చెరుగుతుందనుకున్నాను. అక్క ఆ ఆకుపచ్చ కుట్టుని బొటనవేలితో తడుముతూ కూర్చుంది. బావకి రోజూ తలనొప్పి అట. ఇంటికి వచ్చాక కూడా ఆ మోత ఆగేది కాదట. పిల్లోడిలా తల అక్క ఒళ్లో దాచుకునేవాడట.

"దాని నోట్లో గుడ్డ కుక్కి పారేయమని నేనే అన్నానే."

విసుగులో అన్న మాట. బావ నవ్వి ఊరుకున్నాడట. పక్కన కూర్చున్నాను. ఆ గుడ్డ మా ఇద్దరి మధ్యా ఉంది.

జూన్ 10

గుడ్డ ఇటు తే, నేనే చెప్తాను అంది అక్క.

ఇన్‌స్పెక్టర్ ఎదురుగా టేబుల్ మీద పరిచి, ఇది మా దిండు గలీబు, పెట్టింది నా భర్త, పెట్టమన్నది నేను అని చెప్పింది. గోడ పక్కన కూర్చున్న నిదానం బాబాయ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అక్క వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. నేను మిగతా బండ్ల సంగతి చెప్పాను. మేజోడు మాట వచ్చినప్పుడు వెనక బెంచీలో ఒకడు తల దించుకున్నాడు.

జూన్ 17

ఇకనుంచి అలారం పరీక్ష షెడ్డులో కాదు, హోల్డ్‌లోకి దిగాకే. దిగాల్సింది నేనే. సిగ్నల్‌మ్యాన్‌కి మోత తగ్గించే మఫ్లు ఇస్తున్నారు. అవి చెవులకి వేసుకుంటే అలారం వినపడదు కనక, బండి వెనక్కి వస్తే తిరిగే ఎర్ర లైటు కూడా పెడుతున్నాం. కుర్రాళ్లు నన్ను చాటుగా తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ. బతికుండి తిట్టుకోనీ.

నిదానం బాబాయ్‌కి మూడు నెలలు బండి ఇవ్వరట. బండి ఎలాగూ ఎక్కలేనమ్మా అన్నాడు.

ఆరో నంబరు అలారం ఇవాళ మార్చాను. కొత్తది. మోగించి చూడటానికి మనసొప్పలేదు. మోగించాను.

జూన్ 21, ఉదయం

అక్క స్టవ్ మీంచి వేడి గిన్నె దించి, వెనక్కి తిరగబోతూ, నోటితో సన్నగా పీం పీం అంది. నేను పక్కకి జరిగాను. నా వెనక బావ కూడా జరిగినట్టే అనిపించింది.