హన్సి గుడారంల పండుకున్నది

తార్నాక

అక్కకు సునీత దండాలు. నీ మోకాలు నొప్పి ఎట్లున్నది? బావ బీడీలు నిజంగనే మానేసిండా, లేకుంటే నీ ముందట మానేసి పొలం కాడ తాగుతున్నడా? పిల్లలిద్దరు బడికి సక్కగ పోతున్నరనుకుంట. గీడ మేం ముగ్గురం మంచిగనే ఉన్నం. నేను పొద్దుగాల హన్సిని బడిల దింపి, క్యాంపస్‌ల ల్యాబుకు నడిచే పోతున్న. దినాం సాయంత్రమైందంటే ఒకటే ముసురు, బట్టలు ఆరుతలెవ్వు. హన్సి మంచిగ తింటున్నది. జలుబు తప్ప ఏం లేదు. మళ్ల చెప్తున్న, మంచిగున్నది, రంది పెట్టుకోకు.

ఫోన్ల మాట్లాడుతనే ఉన్నం గద, మళ్ల ఉత్తరమేంది అంటవు. ఫోనంటే నువ్వు స్పీకర్ పెడ్తవు, గీడ హన్సి చెవులు రిక్కించి వింటది. ఇది పిల్లలతోటి చదివియ్యకు. నువ్వే మెల్లగ చదువుకో.

హన్సిని చూడనీకి వస్తనని నువ్వు ఎన్నిసార్లో అడిగినవు. ఒకసారి నీళ్లొస్తలెవ్వన్న, ఇంకోసారి ఇంటికి సున్నమేస్తున్నరన్న. అన్నీ సాకులే. అసలు సంగతేందంటే నాకు భయం. నువ్వొస్తే పిల్ల నీ కొంగు వట్టుకొని నీ ఎంబడే బస్సెక్కుతది. నేను హాస్టల్ల ఉండి చదువుకుంట, మీ మరిది పూనాల నౌకరి చేసుకుంట, పాలు తాగే పిల్లను నీకిచ్చిపోయినం. నీ కొడుకులు నిన్ను అమ్మ అంటరు, నన్ను చిన్నమ్మ అంటరు. అది గూడ గట్లనే నేర్చుకున్నది. ఎండకాలంల ఆయన గీడికి బదిలయ్యి, రూం తీసుకొని, దాన్ని తెచ్చుకున్నప్పటి సంది చెప్తనే ఉన్న. "నేను అమ్మను, ఊర్లున్నది పెద్దమ్మ" అని. మంచిగ వింటది, తలకాయ ఊపుతది. ఊపి, "చిన్నమ్మా, నీళ్లు" అంటది. కింద కిరాణ దుకాణమామె "మీ అక్క బిడ్డనా, ముద్దుగున్నది" అన్నది. ఔనని ఉప్పు పాకెటు తీసుకొనొచ్చిన.

గిది చూసి మీ మరిదికి ఒక ఉపాయం తట్టింది. ఆఫీసుల ఎవరో పిల్లలను తీసుకొని క్యాంపింగ్ పోయొచ్చిరట. "ముగ్గురం ఒక్క గుడారంల పండుకుంటే అదే దగ్గరైతది" అన్నడు. మన నాయిన చేన్ల కావలి పండుకుంటే పాపం అన్నరు, మనం పైసలు పెట్టి పండుకునుడేంది అన్న. వినలే. దోస్తు దగ్గర గుడారం అడుక్కొచ్చిండు. ఏసుడు రాదాయె, ఆదివారం పొద్దుగాల క్యాంపస్ గ్రౌండ్‌ల నేర్చుకుందమన్నడు. ఇద్దరం కట్టెలు ఒకదాంట్ల ఒకటి దూరుస్తుంటే, వాకింగ్ చేసే ఒక పెద్దమనిషి ఆగి "ఏం డిమాండ్ల మీద కూసుంటున్నరమ్మా?" అని అడిగిండు. ఈ క్యాంపస్‌ల టెంటు లేస్తే దీక్షనే గద. మీ మరిది "ఏం లేదు సార్, క్యాంపింగ్" అన్నడు. ఆయన నమ్మలే. "నా మద్దతు ఉంటది" అనుకుంట పోయిండు.

పోయిన శనివారం వికారాబాద్ దిక్కు గుట్టల కాడికి పోయినం. అక్కడ ఒకాయన తన మామిడితోటల గుడారాలు ఏసుకోనిస్తడు. పొద్దంత మంచిగనే గడిచింది. ఉప్మా అడుగంటింది, ఉన్నది చీమలు మాకంటె ముందే తిన్నయి. హన్సి రాళ్లు ఏరుకున్నది, వాళ్ల నాయిన భుజాలెక్కి తోటంత తిరిగింది. నా దగ్గరికి చెప్పులు తొడిగించుకోనీకి వచ్చింది, అంతే.

పొద్దు గూకక ముందే మొగులైంది. మీ మరిది బండిల దుప్పట్లు తెస్తనని గేటు కాడికి పోయిండు. గంతల వాన దంచుడు షురూ అయ్యింది, ఆయన గాడనే షెడ్డు కింద చిక్కుకున్నడు. గుడారంల నేను, అది. పెద్ద ఉరుమొకటి ఉరిమింది. "అమ్మా" అని మొత్తుకున్నది. పిలిచింది నన్ను కాదు అక్కా. దగ్గరికి తీసుకోబోతే నా చేతులు నూకేసింది. "అమ్మ కాడికి పోత" అని ఒకటే ఏడ్పు. బుజ్జగిచ్చిన, బిస్కెటిచ్చిన, కోపం గూడ చేసిన. ఏం పనికి రాలే.

గప్పుడు దాని కాళ్లు చూసిన. బురదంటి సల్లగున్నయి. తుడిచి, ఒక కాలు ఒళ్లె పెట్టుకొని బొటనేలు మెటిక విరిచిన. టక్కుమన్నది. "బర్రె పండుకున్నది" అన్న. ఏడ్పు ఆగింది. దాని పక్కేలు, "కోడి పండుకున్నది." ఆ పక్కది, "కుక్క పండుకున్నది." తర్వాతది, "ఊరంత పండుకున్నది." చిటికెనేలు, "ఇగ మా హన్సి పండుకున్నది."

"నీకెట్ల ఎరుక?" అన్నది ముక్కు ఎగబీల్చుకుంట.

"నాకు గూడ అమ్మనే చేసింది" అన్న. పెద్దమ్మ అని రాలే, నోట్లకెల్లి గట్లనే వచ్చింది. మన అమ్మ పోయినప్పుడు నేను గింతనే గద. ఉరిమినప్పుడల్ల నా కాళ్లు ఒళ్లె పెట్టుకొని నువ్వు చేసిందే.

"నువ్వు గూడ అమ్మ బిడ్డవేనా?"

"ఆ. నీకంటె పెద్దబిడ్డను."

ముక్కు తుడుచుకున్నది. "నీ కాలియ్యి" అన్నది. ఇచ్చిన. తన చిన్న చేతులతోటి బలమంత పెట్టి గుంజింది. ఒక్క ఏలు చప్పుడైతే ఒట్టు, గని నోటితోటే టక్కు, టక్కు అన్నది. బర్రె, కోడి, కుక్క, ఊరంత. చిటికెనేలు పట్టుకొని "ఇగ మా చిన్నమ్మ పండుకున్నది" అన్నది. అని, నా ఒళ్లె తలకాయ పెట్టి తనే పండుకున్నది.

నాకు ఏడ్పొచ్చింది. మీ మరిది తడిసి ముద్దయి వచ్చి నా మొఖం చూసి, "గుడారం కారుతున్నదా?" అని పైకి చూసిండు.

అది ఇప్పటికీ నన్ను చిన్నమ్మనే అంటది. అననియ్యి. దిద్దుడు బందు పెట్టిన. నిన్న కిరాణ దుకాణమామెకు మాత్రం, నా బిడ్డనే అని చెప్పిన. ఆమె ఏమనుకున్నదో నేను అడగలే.

అక్కా, నువ్వు రా. ఉత్తరం అందుడుతోటే బయలుదేరు, పది దినాలు ఉండేటట్టు రా. నీళ్లు మంచిగనే వస్తున్నయి. వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు, హన్సికి మక్కపేలాలు తే. నువ్వు తిరిగి బస్సెక్కేనాడు అది ఏడుస్తది. ఏడ్వనియ్యి, గప్పుడేం చెయ్యాల్నో నాకిప్పుడు ఎరుకే. గని నేను ఏడిస్తే ఏమో తెల్వదు. ఉన్నన్ని దినాలు నా కాళ్లు గూడ జర ఒళ్లె పెట్టుకో.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. మమ్ముల ముగ్గురిని దీవించు.

నీ పెద్దబిడ్డ
సునీత