ముందే వెళ్లిపోయిన పీపాలు

టొరంటో,
నవంబర్ 14, 2016

ఐసిల్డా అక్కకు,

నీ చెల్లెలు వర్లీన్ ప్రేమతో రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ నాకూ తమోయాకూ ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అమ్మ సమాధికి సున్నం వేయించావని తెలిసి మనసు చల్లబడింది. నేను సామాను నింపి ఓడలో పంపిన మూడు పీపాలూ ఇంటికి చేరాయటగా. అక్కా, వాటి మూతలు మాత్రం తియ్యకు. ఎందుకో చెబుతాను.

అమ్మ మంచాన పడ్డప్పుడు పిల్లను వెంటబెట్టుకుని జమైకా వచ్చి మూడేళ్లకు పైగా నీ దగ్గర ఉండిపోయాను కదా, అదే నా మెడకు చుట్టుకుంది. శాశ్వత నివాసి హోదా నిలవాలంటే ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఈ దేశంలో గడపాలి. తమోయా ఇక్కడ పుట్టింది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. నన్ను మాత్రం పంపించెయ్యాలని, తిరిగొచ్చిన రోజే విమానాశ్రయంలో ఉత్తర్వు రాసిచ్చారు. అప్పీలు వేశాను. నా బతుకంతా ఇక్కడే ఉందని, నేను లేకపోతే పిల్లకు గడవదని చూపిస్తే రూలు తప్పినా ఉండనిచ్చే వీలుందట.

డబ్బు తీసుకోకుండా కేసు చూసే లాయరమ్మ సొరాయా మొదటి రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "అప్పీలు తేలేదాకా మీరు ఎప్పటిలాగే శాశ్వత నివాసి. మీ ఉద్యోగం మీదే, ఇల్లు మీదే, ఆసుపత్రి కార్డూ మీదే. మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు. మామూలుగా బతకండి, అంతే" అంది. తల ఊపాను గానీ ఒక్క ముక్కా నమ్మలేదు.

మనవాళ్లకు ఇలాంటివి తలకెక్కుతాయా? మెల్డ్రం మామను ఈ దేశం వెళ్లగొట్టినప్పుడు ప్లాస్టిక్ సంచి ఒకటి పట్టుకుని దిగాడు. "మహారాజుగారి సామాను వెనక ఓడలో వస్తోందా?" అని వీధి వీధంతా నవ్వింది. ఆయన చచ్చేదాకా ఆ మాట ఆయన్ను వదల్లేదు. ఇక్కడ చర్చిలో మెర్డెల్ కూడా, "పిచ్చిదానా, పొమ్మని కాగితం ఇచ్చాక ఇంకా అప్పీలేంటే? చేతులూపుకుంటూ దిగుతావా? ముందు పీపాలు నింపు" అంది.

నింపాను. కుట్టుమిషను, దుప్పట్లు, గిన్నెలు. పింగాణీ పళ్లాలు పగలకుండా నా చలికోటు చుట్టాను. వాళ్లు తీసేసేలోపు నేనే మానేస్తే పరువు దక్కుతుందని వృద్ధాశ్రమం వంటగదిలో పని మానేశాను. అద్దె ఇల్లు ఖాళీ చేసి, తమోయాను దాని మేనత్త జెనెత్ దగ్గర పెట్టి, నేను మెర్డెల్ సోఫా మీద పడుకుంటున్నాను.

విచారణకు జెనెత్ కోటు అడిగి వేసుకుని వెళ్లాను. ప్రభుత్వం తరఫు ఆయన మర్యాదస్తుడు, గొంతు కూడా పెంచలేదు. ఎక్కడ పనిచేస్తున్నారమ్మా అన్నాడు. మానేశానన్నాను. ఇల్లెక్కడ అన్నాడు. లేదన్నాను. సామాను జమైకాలో ఉందన్నాను. పాప మేనత్త ఇంట్లో బాగానే ఉందా అని అడిగాడు. బైబిలు మీద చెయ్యి పెట్టాక అబద్ధం ఎలా ఆడను? బాగానే ఉందన్నాను. అప్పుడాయన అప్పీలు వినే ఆవిడ వైపు తిరిగి, "ఈవిడకు ఇక్కడ అంటూ ఏమీ లేదండీ. ఈవిడ ఎప్పుడో వెళ్లిపోయారు, విమానం ఎక్కడమే మిగిలింది" అన్నాడు.

బయటికొచ్చాక సొరాయా, "నాతో ఒక్క మాట అని ఉంటే ఆ పీపాల మీద కూర్చునైనా ఆపేదాన్ని కదమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

అక్కా, నా దగ్గర ఎవరూ ఏమీ లాక్కోలేదు. నా ఇల్లు నేనే పీకేసుకున్నాను. పోయిన ఆదివారం తమోయా, "గెలుస్తామని ఒక్క రోజైనా అనుకున్నావా అమ్మా?" అని అడిగింది. దాని ముఖం చూడలేక గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను. బతకాలని లేదని రాస్తే నువ్వు భయపడతావు, అందుకని రాయను.

తీర్పు ఇంకా రాలేదు. ప్రార్థన చెయ్యి. గెలిస్తే పీపాలు వెనక్కి తెప్పించుకుంటాను. మూతలు తియ్యవద్దన్నది అందుకే.

నీ చెల్లెలు,
వర్లీన్

తా.క. పైన అబద్ధం రాశాను అక్కా. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందే తీర్పు వచ్చింది. ఓడిపోయాను. ఇంకా రాలేదని ఒక్కసారి రాసి చూసుకోవాలనిపించింది. మూతలు తియ్యి, దుప్పట్లు ఎండలో వెయ్యి. తమోయాకు బడి ఇక్కడ, అది రాదు. నేనొక్కదాన్నే వస్తున్నాను. పళ్లాలకు చుట్టిన కోటు ఆ ఊళ్లో ఎవరికీ పనికిరాదు, అయినా ఎవరికీ ఇచ్చెయ్యకు. పిల్లను చూసి వెళ్లమని ఎప్పటికైనా రానిస్తారేమో. ఇక్కడ చలి ఎక్కువ.