ఎడమకు వాలే ముల్లు

బెజవాడ, 9-6-1946, ఆదివారం. మృగశిర వచ్చినా ఎండ తగ్గలేదు. పొద్దున్నే లారీ బ్యాటరీలో నీళ్లు పోశాను.

అన్నయ్యా,

నువ్వు కన్నుమూసిన ఏడాదికి నీ లారీ బయటికి తీశాను. వదినకు బతుకుతెరువు ఇదొక్కటే, నేను నడుపుతానని మాటిచ్చాను. ఇంజను బాగానే అందుకుంది. కానీ ఛార్జి మీటరు ముల్లు ఎడమకే, ఖర్చు వైపుకే వాలుతోంది. డైనమో బ్యాటరీని నింపడం లేదనుకున్నాను. మూడు రోజుల్లో డైనమో రెండుసార్లు దింపాను, బ్రష్షులు మార్చాను, బెల్టు బిగించాను. ముల్లు మాత్రం మారలేదు. విసుగెత్తి, రేపటికి బాగవకపోతే పటమట ఆసామికి అమ్మేద్దామన్నాను. వదిన సరేనంది.

ఆ సాయంత్రం ఇంజను నడుస్తుండగా మజ్జిగ తెచ్చి మీటరు వైపు చూసింది.

"బాగైందిగా మరిదీ, ఇంకా ఏం విప్పుతున్నావు?"

"ఎక్కడ వదినా? ముల్లు ఎడమకే ఉందిగా."

"ఎడమకు పడితేనేగా మీ అన్నయ్య ఈల వేసేది. కుడికి పడితే నన్ను కూడా తిట్టేవారు."

ఇంజను ఆపి దీపాలు వేశాను. బ్యాటరీ ఖర్చయ్యే ఆ వేళ ముల్లు కుడికి వెళ్లింది; అంటే ఎడమకు వాలితే బ్యాటరీ నిండుతున్నట్టే. మీటరుకు నువ్వు తీగలు తారుమారుగా బిగించావు. మేకు కొన్నా నేను చిట్టాలో రాస్తానని నన్ను వెక్కిరించేవాడివి. ఈ ఒక్క ముక్క నువ్వు ఎక్కడైనా రాసి ఉంటే నాకు మూడు రోజులు కలిసొచ్చేవి.

అమ్మడం లేదని పటమటకు కబురు పంపాం. ఇక మీటరు తీగలు సరిచేయడమే మిగిలింది. రెండుసార్లు పానా పట్టుకుని వెళ్లి, ఊరికే తిరిగి వచ్చాను.