ఒక్క ‘అవును’ కూడా లేని లెక్క

అమ్మకు,

మా శిబిరంలో పనికి పోయే పిల్లలు ఒక్కరు కూడా లేరని రాసి, కింద సంతకం పెట్టినవాడు మా ఆఫీసరు. ఆ రాత పట్టుకుని, పిల్లల గదిని ఈ శుక్రవారంతో మూసేయమన్నది పై ఆఫీసు. ముందు ఇది చెప్పి తరవాత దండం పెడుతున్నాను, ఏమీ అనుకోకు. అక్కడ నువ్వూ అక్కా బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. అందరం క్షేమమని మాత్రం రాయలేను. ఆ మాట మా ఆఫీసరు ఇప్పటికే రాసేశాడు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. దగ్గు తగ్గింది. వేళకే తింటున్నాను. నువ్వు కుట్టి పంపిన చొక్కా భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది, చేతులు కాస్త పొడుగు, మడిచి తొడుక్కుంటున్నాను. ఆ కరపత్రాల వాళ్ళతో తిరుగుతున్నావా అని అడిగావు. తిరగడానికి వాళ్ళెవరూ ఇక్కడ లేరు. వాళ్ళ కాగితాలు నా పెట్టె అడుగున ఉన్నాయి, అవే చదువుకుంటున్నాను. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు కదా అన్నావు. పెట్టుకున్నాను.

“ప్రశ్నలడిగితే జీతమిస్తారా, అయితే మన వీధివాళ్ళంతా ఈపాటికి మేడలు కట్టేవాళ్ళు” అని రాశావు చూడు, అది చదివి గట్టిగా నవ్వితే పక్క మంచంవాడు లేచి కూర్చున్నాడు. కానీ ఇక్కడ పని నిజంగా అదే. వరదకు ఊళ్ళు మునిగాక జనాన్ని తెచ్చి ఎనిమిది వరసల గుడారాల్లో ఉంచారు. గుడారానికి ఒక ఫారం. ఇంట్లో ఎంతమంది, ఎవరికి జబ్బు, పిల్లలు రోజూ పిల్లల గదికి వస్తున్నారా, వాళ్ళలో ఎవరైనా పనికి పోతున్నారా. ‘అవును’కు ఒక గడి, ‘లేదు’కు ఒక గడి. ఆ టిక్కులన్నీ కూడి, ఎక్కడ గది ఉంచాలో ఎక్కడ కాపలా పెట్టాలో పైవాళ్ళు తేలుస్తారు. అందుకే ఈ పనంటే మనసు పడ్డాను. ఒకరి దయతో నడిచే పని కాదు, రుజువుతో నడిచే పని అనుకున్నాను.

మూడు వందల పన్నెండు గుడారాలు తిరిగాం. పనికి పోతున్నారా అన్నచోట ఒక్క ‘అవును’ కూడా రాలేదు. “ఇంత శుభ్రమైన లెక్క నా సర్వీసులో చూడలేదయ్యా” అని ఆఫీసరు మా అందరికీ టీ చెప్పించాడు. నేనూ తాగాను.

పిల్లల గది అంటే, పిల్లలు పనులకు పోకుండా పగలంతా కూర్చోబెట్టేందుకు పాత గోడౌనులో ఒక మూల. చాపలు, ఒక నల్లబల్ల, చక్రం ఊడిన బొమ్మకారు. దాన్ని చూసుకునే ఆవిడను పిల్లలూ పెద్దలూ పెద్దమ్మ అనే పిలుస్తారు. ఇల్లూ వాకిలీ ఆ వరదలోనే పోయాయి, అయినా ఎవరైనా పరామర్శిస్తే “నా సంగతి తరవాత, ముందు చెప్పులు బయట విడు” అంటుంది. గది మూసేయమన్న కాగితం గోడకు అంటించిన రోజు ఆవిడ నన్ను పిలిచి ఒక నోటుపుస్తకం ఒళ్ళో పడేసింది.

“అబ్బాయ్, మీ ఫారాల్లో పిల్లలందరూ రోజూ ఇక్కడికే వస్తున్నారట కదా. మరి నా కళ్ళకు కనబడరేం? నాకేమైనా శుక్లాలొచ్చాయా?”

అది హాజరు పుస్తకం. ఒక్కో బిడ్డకు ఒక్కో వరస, వచ్చిన రోజుకు ఒక టిక్కు. రాకపోతే ఎందుకు రాలేదో పక్కన రాసుకుంది. జ్వరం. చెల్లిని ఎత్తుకుని కూర్చుంది. చెప్పు తెగింది. సంగతి తెలియనిచోట ఖాళీ. రెండు మధ్యాహ్నాలు ఆ పుస్తకాన్నీ మా ఫారాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. పద్నాలుగు మంది మూడు వారాలకు పైగా రావడం లేదు, కొందరైతే మేం అడగడానికి వెళ్ళేసరికే మానేశారు. ఆ పద్నాలుగు గుడారాల ఫారాల్లోనూ ‘రోజూ వస్తున్నారు’ అని ఉంది. పద్నాలుగులో పదకొండు మూడో వరసవి. ఆ పదకొండు మందికీ చివరి టిక్కు శుక్రవారమే పడింది. శనివారం పొద్దున కట్టెల లారీ శిబిరానికి వస్తుంది, దించేసి ఖాళీగా వెళ్ళిపోతుంది. ఖాళీగా వెళ్తోందనే మేమంతా అనుకున్నాం.

మూడో వరస పెద్దను మేస్త్రి అంటారు. వరదకు ముందు కూలీలను పనుల్లో పెట్టేవాడు. ఇక్కడికి వచ్చాకా అదే పని. కుళాయి దగ్గర ఒక తల్లి పెద్దమ్మతో అన్న మాట ఇది: “మేస్త్రే చూపించాడమ్మా, బట్టీలో ఇటుకలు తిప్పే పని. రెండు పూటలా తిండి పెడతారట. ఇక్కడుంటే ఏం చేస్తుంది, నా మొహం చూస్తూ కూర్చుంటుంది.” అంతవరకూ చెప్పి, బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. మిగిలిన పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతానని లేచాను. పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.

“అడిగి?”

“రాసుకుంటాను.”

“రాసుకుని? బిడ్డ నోరు విప్పాక మళ్ళీ ఆ గుడారానికే పంపుతావా, మేస్త్రి పక్కకి? దాన్ని ఎక్కడ ఉంచుతావో ముందు చెప్పు, అప్పుడు అడుగు. వచ్చినవాడల్లా అడగడమే. అడిగించుకునేవాళ్ళకు ప్రాణం ఉండదనుకుంటారు.”

నా పెట్టెలోని ఏ కాగితంలోనూ ఈ మాట నాకు కనబడలేదమ్మా. కూర్చున్నాను.

మర్నాడు పుస్తకం పట్టుకుని ఆఫీసరు దగ్గరకు వెళ్ళాను. పిల్లల పేర్లు, గుడారాల నంబర్లు కనబడకుండా పైన కాగితం అంటించి తీసుకెళ్ళమంది పెద్దమ్మ. అలాగే చేశాను. ఆయన పేజీలు తిప్పాడు. గబగబా ఏమీ తిప్పలేదు, నిదానంగానే చూశాడు.

“ఎవరో ముసలావిడ గీసిన గీతల్ని రుజువంటే పైన నవ్వుతారయ్యా.”

“మూడు వందల గుడారాల్లో ఒక్క ‘అవును’ లేకపోవడం చూసి నవ్వరా సార్?”

“మనం అడిగాం, వాళ్ళు చెప్పారు. నోట్లో వేలు పెట్టి చెప్పించలేం కదా.”

“మేస్త్రి పక్కన నిలబడి ఉంటే ఎవరు చెబుతారు?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “రిపోర్టు వెళ్ళిపోయింది. ఇప్పుడు తప్పంటే ఆ మూడు వందలూ తప్పే అవుతాయి. మిగతా శిబిరాలకు వచ్చే సరుకు కూడా ఆగుతుంది. అది నువ్వు తెస్తావా?” అన్నాడు. నేను బల్ల మీద గుద్దాను. సిరా ఒలికింది. నిన్ను తలదించుకునేలా చేసే మాటలు కొన్ని అన్నాను, అవి రాయను.

ఆయన చివరగా అన్న మాట కూడా రాయకుండా దాటేద్దామనుకున్నాను. ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ ఇక్కడికొచ్చి చింపేశాను. “వరస పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్దామన్నది ఎవరయ్యా?” అన్నాడు.

నేనే అమ్మా.

ఆఫీసరు మొదట చెప్పిన పద్ధతి వేరు. కుళాయిల దగ్గర, ఎవరూ లేనప్పుడు, ఆడవాళ్ళను ఆడవాళ్ళే అడగాలన్నాడు. మొదటి రోజు సమావేశంలో నేను లేచి నిలబడ్డాను. జనాన్ని దొంగల్లా చాటుకు పిలిచి అడుగుతారా, మనం పోలీసులమా, వాళ్ళు ఎంచుకున్న పెద్దల్ని పక్కన ఉంచుకుని బాహాటంగా అడగండి అని కరపత్రంలో చదివిందంతా అప్పజెప్పాను. చప్పట్లు కొట్టారు. “కుర్రాడు బాగా చెప్పాడు, పనీ తొందరగా తెములుతుంది” అన్నాడు ఆఫీసరు. ఆ వరస పెద్దల్ని ఎవరు ఎంచుకున్నారో నేను కనుక్కోలేదు. మేస్త్రిని ఎవరూ ఎంచుకోలేదట. మొదటి రోజు దుప్పట్లు పంచాడు, అంతే, పెద్ద అయిపోయాడు.

నూట పద్దెనిమిదో ఫారం నా చేతిరాతే. మూడో వరసలో ఒక ముసలమ్మ, ఇద్దరు మనవరాళ్ళు. పెద్దదానికి పదకొండేళ్ళు, ఒక్కచోట నిలవదు, అందుకే బొంగరం అంటారు. పిల్ల పనికి పోతోందా అని అడిగాను. మేస్త్రి దాని నెత్తిమీద చెయ్యి వేసి, “దీనికి పని కూడానా, తిని తిరగడమే దీని పని” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముసలమ్మ నేల చూపులు చూసింది, బొంగరం ఆ చెయ్యి కింద కదలకుండా నిలబడింది. బొంగరం కదలకుండా నిలబడటమే నాకు అనుమానం కలిగించాల్సింది. ‘లేదు’లో టిక్కు పెట్టాను. మేస్త్రి అప్పటికే దానికి పని కుదిర్చేశాడట, ఆ శనివారమే అది వెళ్ళిపోయింది. ఇంకా రాలేదు. దాని చెల్లికి తొమ్మిదేళ్ళు. ఈ శనివారం లారీకి దాన్నీ సిద్ధం చేస్తున్నారని పెద్దమ్మకు కబురొచ్చింది.

నీకే ఎందుకు రాస్తున్నానో నీకు తెలిసే ఉంటుంది. నీ తొమ్మిదో ఏట నూలు మిల్లులో పనిచేస్తున్నప్పుడు, బడి లెక్కలు రాసుకునే టీచరమ్మ మీ ఇంటికి వచ్చింది. మీ మేనమామ నీ జడ సవరిస్తూ “బడికే పోతోందండీ” అంటే నువ్వు తలూపావు. “ఆవిడ నా చేతులు చూసుంటే తెలిసేది, కాగితమే చూసుకుంది” అని మిషను తొక్కుతూ ఎన్నిసార్లు చెప్పావో. విన్నాను. విని, పోయి ఆ టీచరమ్మనే అయ్యాను.

బొంగరం ముసలమ్మతో మాట్లాడదామని రెండుసార్లు వెళ్ళాను. నన్ను చూడగానే గుడారం తెర దించేసింది. మేస్త్రితో నవ్విన మొహం కదా ఇది. పోలీసులకు పెద్దమ్మా నేనూ కలిసి అర్జీ ఇచ్చాం, విచారిస్తామన్నారు. నాతో ఫారాలు రాసినవాళ్ళలో ఐదుగురు మా టిక్కులు తప్పని రాసి సంతకాలు పెట్టారు. మొదటి సంతకం నాది, ఆ పద్ధతి నా వల్లే వచ్చిందని కూడా అందులో రాశాను. ఈ పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊడితే తిడుదువుగాని.

శుక్రవారం గదికి తాళం వెయ్యడానికి పై ఆఫీసువాళ్ళు పదింటికి వస్తారు. తాళం పడనివ్వం. శనివారం లారీ వెళ్ళిపోయేదాకా పిల్లలు రెండు రోజులపాటు, రాత్రీ పగలూ, పెద్దమ్మ దగ్గర ఆ గదిలోనే ఉంటారు. కుళాయిల దగ్గర, మేస్త్రి లేకుండా, పేర్లు రాయకుండా మళ్ళీ అడగాలి. అడగాల్సింది నేను కాదు. నువ్వు మిషను తొక్కే వర్క్‌షాపులో నీలాగే చిన్నప్పుడు పనికి పోయినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళను వెంటబెట్టుకుని రా. ఒక్కరోజు సెలవడగండి. ఆరింటి బస్సు ఎక్కితే సరిపోతుంది. ఎనిమిదో వరస చివర గోడౌను, శుక్రవారం పొద్దున తొమ్మిది గంటలకు, పిల్లల గది గుమ్మం ముందు.

ఇట్లు,
నీ చిన్నవాడు