రెండు గంటల ప్రయాణం

ఆదివారం, నవంబరు తొమ్మిది

మా అమ్మాయి తండ్రిగారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. ఎదుటివాళ్ళ కొంప ముంచినవాళ్ళు ఎప్పుడూ క్షేమంగానే ఉంటారు. ఈ గారూ మీరూ నా మనసులోవి కావు. కోపంలో నువ్వు గివ్వు అనొద్దని లాయరమ్మ చెప్పింది. ఆవిడ మాట ఇంతవరకే విన్నాను. ఇక నీ సంగతికి వస్తాను.

విడాకుల రోజు కోర్టులో బల్ల మీద టికెట్టు పరిచి వేలు పెట్టి చూపించావు, గుర్తుందా? పొద్దున తొమ్మిదికి మన ఊళ్ళో ఎక్కితే పదకొండుకి నా కొత్త ఊళ్ళో దిగుతాం, రెండు గంటలే, నెలకు రెండుసార్లు మన బుడంకాయ నీ దగ్గరికి వస్తుంది అన్నావు. బస్సులో మా అక్క ఇంటికి వెళ్ళినా అంతసేపు పడుతుంది. విమానం మొహం చూడనిదాన్ని. ఒక్కో ఊళ్ళో గడియారం ఒక్కోలా ఉంటుందని, టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారని నాకేం తెలుసు? పిల్లని నీతో పంపడానికి సంతకం పెట్టేశాను. పదిహేనేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను. ఎవరైనా నవ్వితే చాలు, ఏది అసలు పన్నో ఏది పెట్టుడు పన్నో చెప్పేస్తాను. నీ నవ్వు మాత్రం పట్టుకోలేకపోయాను.

ఎనిమిది వేల కిలోమీటర్లు! గాలిలో పది గంటలు! పిల్ల నా దగ్గరికి వచ్చేటప్పుడు ఇంకా ఘోరం. అక్కడ పొద్దున తొమ్మిదికి ఎక్కింది మన ఊళ్ళో మర్నాడు తెల్లవారుజామున మూడింటికి దిగింది. కంచం ముందే నిద్రపోయింది. లేపితే, అమ్మా, ఇప్పుడు పడుకోవాలా, లేవాలా అని అడిగింది. ఏడేళ్ళ పిల్ల! అది నిద్ర తీరి నా మొహం సరిగ్గా చూసేసరికి తిరుగు విమానం వేళయింది.

ఫోనులో నిలదీస్తే నవ్వావు. టికెట్టులో ఉన్నదే చదివాను, గడియారాలు వేరైతే నా తప్పా అన్నావు. ఆ తర్వాత పిల్లకి ప్రయాణం పడటం లేదంటూ పంపడమే మానేశావు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. మొన్న దాని ముందు పన్ను ఊడిందట. ఊరందరి పళ్ళూ నా చేతుల్లో తయారవుతాయి, నా పిల్ల పన్ను మాత్రం నువ్వెక్కడ పారేశావో కూడా తెలియదు. దీనికి నిన్ను చచ్చినా క్షమించను.

ఇట్లు,
నీకేమీ కానిది,
బుడంకాయకి అమ్మ

తా.క.: కవరు మీద స్టాంపు లేదేమని వెతక్కు. నీ తలుపు కింద నుంచి నేనే తోశాను. మీ వీధి చివర పళ్ళ డాక్టరు దగ్గర పనిలో చేరి వారమైంది. తల్లీ తండ్రీ ఒకే ఊళ్ళో ఉంటే వారంలో సగం రోజులు పిల్ల తల్లి దగ్గర అన్న షరతు విడాకుల కాగితాల్లో నువ్వే రాయించావు, ఇది ఏడు జన్మలెత్తినా అక్కడికి రాలేదన్న ధీమాతో. వచ్చాను. ఆ పది గంటలూ కిటికీ పక్కన కూచుని నిన్ను తిట్టుకుంటూనే వచ్చాను, తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకుండా. ఇల్లు చూసుకున్నాను, దాని మంచం కూడా వేశాను. ఇక తలుపు తియ్యి. బయటే నిలబడి ఉన్నాను.