పెంచలకృష్ణకు విసుగు రాకూడదు

సోమవారం, ఉదయం 8
నా కొడుకు పెంచలకృష్ణ బతికి బయటపడ్డాడు! పడవలో జారి తొడ ఎముక విరిగింది, అంతే! కాలికి బరువులు వేలాడదీసి నలభై రోజులు పడుకోబెడితే మునుపటిలా నడుస్తాడట. మధ్యలో లేస్తే మాత్రం జన్మంతా కుంటే. చెప్పిన డాక్టరుగారికి రెండు చేతులా దండం పెట్టాను. వీడేమో ఒక్కరోజుకే మొదలుపెట్టాడు. "నాయనా, పొద్దుపోవటంల్యా. ఇంటికి పోదాం పా."
నా శపథం: నలభై రోజులూ మంచం పక్కనుంచి కదలను. వాడికి విసుగు రానివ్వను. పులికాట్‌లో వల వేసి పొద్దంతా కూర్చునేవాణ్ణి, ఇదొక లెక్కా!

మంగళవారం
8.00: కథలు. నవ్వాడు!
10.00: కథలు అయిపోయాయి.
10.05: మళ్లీ మొదటి కథ. "అది చెప్పినావు నాయనా."
11.00: ఫోన్లో లూడో. మూడాటలూ నేనే గెలిచాను! ఒకటి ఓడిపోవాల్సిందేమో.

బుధవారం
చేతికి పని ఉంటే పొద్దుపోతుందని ఇంటి నుంచి చిరిగిన వల తెప్పించాను. అల్లేటప్పుడు బిగువుగా ఉండాలని ఒక కొస కాలి బరువుల తాడుకే కట్టాను. సిస్టర్ ప్రేమలీల పరుగెత్తుకొచ్చింది.
"పెద్దాయనా! ఇది ఆసుపత్రా, పడవల రేవా? ముందు ఇప్పు!"
ఎముక కదల్లేదు. దేవుడున్నాడు. వార్డంతా రొయ్యల వాసన.

గురువారం
మందుల చీటీ జిరాక్సు తీయించాలని చెప్పి బయటపడ్డాను. రైల్వే స్టేషన్లో కూర్చుని చెన్నై బండ్లు చూశాను. మూడు గంటలు. ముసలి కాళ్లు, పట్టేయవా? దీన్ని కదలడం అనరు.

శుక్రవారం
చెప్పు తెగిందన్నాను. తెగలేదు. ఐదు బండ్లు, రెండు టీలు.

శనివారం
నిమ్మకాయలకని గూడూరు పోయొచ్చాను. నెల్లూరులోనూ దొరుకుతాయి. తెలుసు.

ఆదివారం, మధ్యాహ్నం
పన్ను నొప్పి అని చెప్పి పోయాను. తిరిగొస్తుంటే తలుపు దగ్గరే నవ్వులు వినిపించాయి.
"రేపు కళ్లజోడు పగిలిందంటాడు," పక్క మంచం గంగాధరంగారు.
"చెవిలో చీమ దూరిందంటాడు," సిస్టరమ్మ.
"మా నాయన సంగతి నాకు తెలవదా అన్నా? సావు కబురని ఎవురో ఒకర్ని చంపేస్తాడు చూడు!" నా కొడుకు.
లోపలికి పోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.
"ఇంగా ఇంటికి పోదామంటావా అబ్బయ్యా?" అని అడిగాను.
"రేపటి సాకు ఇనకుండానే? మంచం దిగను, పో!"
దిగడట! నా తండ్రి దిగడట! ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం, ఉదయం 6.30
కొత్త శపథం: ఈరోజుతో కలిపి ముప్పై మూడు రోజులు. మంచం పక్కనుంచి అస్సలు కదలను!
6.40: వార్డంతా నా వంకే చూస్తోంది. "ఏంది నాయనా, ఈరోజేం ల్యా?" అన్నాడు, ముఖం వేలాడేసుకుని. వాడికి విసుగు రానివ్వనన్నాను కదా!
6.41: "మన గేదె ఈనిందంటరా. చూసొస్తా."
మాకు గేదె లేదు.